నీటిమట్టానికి దిగువన: జాతీయ నౌకాయాన దినోత్సవ ప్రసంగ పాఠం

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, నాతో కలిసి ఓడల్లో పనిచేసిన మిత్రులకు, నౌకా ఇంజనీరింగ్ చదువుతున్న విద్యార్థులకు నమస్కారం. ఓడలు ఏ శక్తితో నడుస్తూ వచ్చాయో అరగంటలో చెప్పమని నిర్వాహకులు నన్ను పిలిచారు. వరుసగా చెప్పాలనే వచ్చాను గాని, ఈ భవనం గోడల మీది పటాలు చూశాక మనసు ఆగలేదు. అక్కడ ఓడల యజమానులున్నారు, కెప్టెన్లున్నారు, ప్రారంభోత్సవాలు చేసిన నాయకులున్నారు. ఇంజను గదిలో పనిచేసిన మనిషి పటం ఒక్కటీ లేదు. అందుచేత ఈ చరిత్రను ఆ లేని పటం వైపు నుంచి చెబుతాను.

1919 ఏప్రిల్ 5న బొంబాయి నుంచి లండన్‌కు బయలుదేరిన ‘లాయల్టీ’ ఓడ జ్ఞాపకంగా మనం ఈ దినోత్సవం జరుపుకుంటున్నాం. ఆ ఓడ నడిపిన సింధియా కంపెనీయే తర్వాత విశాఖలో ఓడల కర్మాగారం పెట్టింది. 1948 మార్చి 14న నెహ్రూ గారు ‘జల ఉష’ను జలప్రవేశం చేయించింది ఇక్కడే. ఆ కంపెనీ పేరు ఈ ఊళ్లో ఒక పేటకు నేటికీ ఉంది. ఆ కంపెనీని స్థాపించిన వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తం మొరార్జీల పేర్లు పిల్లలు పరీక్షల్లో రాస్తున్నారు, రాయవలసిందే. కాని ‘లాయల్టీ’ ఆవిరి ఓడ. కొలుముల్లో బొగ్గు పడకపోతే అది బొంబాయి రేవు దాటేది కాదు. ఆ బొగ్గు వేసినవారిలో ఒక్కరి పేరు మనలో ఎవరికి తెలుసు?

గాలితో నడిచిన కాలంలో ఇంత చీకటి లేదు. శాతవాహనుల నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడను చూస్తాం. కోరంగి, తాళ్లరేవు వడ్రంగులు కట్టిన కొయ్య ఓడలు ఋతుపవనాల అదను చూసుకుని బంగాళాఖాతం దాటేవి. ఆ పని ప్రాణాంతకమైనదే అయినా, తాడు లాగేవాడు ఆకాశం కింద నిలబడి లాగాడు. ఆవిరి వచ్చాకే ఓడను నడిపే మనిషి నీటిమట్టానికి దిగువకు వెళ్లాడు.

ఆవిరి కూడా ఒక్కరోజులో గెలవలేదు. 1825లో ఇంగ్లండు నుంచి కలకత్తాకు వచ్చిన ‘ఎంటర్‌ప్రైజ్’కు, నీటిని తోస్తూ ఇరుపక్కలా తిరిగే పక్కచక్రాలూ తెరచాపలూ రెండూ ఉండేవి. దారి పొడవునా ఆవిరితో నడవడానికి బొగ్గు చాలక చాలా రోజులు తెరచాపల మీదే సాగి, వంద రోజులు దాటాక చేరింది. 1845లో బ్రిటిష్ నౌకాదళం మరతో, అంటే ఓడ వెనక నీటిలో తిరిగే ప్రొపెల్లరుతో నడిచే ‘ర్యాట్లర్’ను, పక్కచక్రాల ‘అలెక్టో’ను తాడుతో కట్టి చెరో దిక్కుకు లాగించింది. ‘ర్యాట్లర్’ రెండోదాన్ని వెనక్కి ఈడ్చుకుపోవడంతో మర సత్తా ఏమిటో లోకానికి కళ్లకు కట్టింది. 1881లో ‘అబర్డీన్’ ఓడ, ఒకే ఆవిరిని మూడు సిలిండర్లలో ఒకదాని తర్వాత ఒకదానిలో వ్యాకోచింపజేసి పని చేయించుకునే ఇంజనుతో బొగ్గు ఖర్చు తగ్గించి, దూరప్రయాణాలను లాభసాటి చేసింది.

విద్యార్థులు ఇక్కడిదాకా పుస్తకంలో చదువుతారు. కొలిమి ముందు నిలబడిన ఆగ్‌వాలా సంగతి పుస్తకంలో దొరకదు. పార బొగ్గును మంట మీద పలచగా పరవాలి, కుప్ప పోయకూడదు. కాలి గట్టిపడిన చిట్టేన్ని పొడవాటి ఇనుప కడ్డీతో పెకలించి బయటికి లాగాలి. ఆ బొగ్గును గోదాముల నుంచి తోపుడుబండ్లలో తెచ్చేవాడు కోయ్‌లావాలా. టైటానిక్‌లో 29 బాయిలర్లకు 159 కొలుములుండేవి. ఆ రాత్రి దాదాపు చివరిదాకా దీపాలు ఆరకుండా చూసిన ఇంజనీర్లలో ఒక్కరూ బతకలేదు.

1912లో డెన్మార్క్ వారి ‘సెలాండియా’ డీజిల్ ఇంజన్లతో సముద్రం మీదికి వచ్చింది. ఆ దారిలోనే క్రమంగా ఆగ్‌వాలా వృత్తి అంతరించింది. ఇంజనుకు నూనె పోసే తేల్‌వాలా మిగిలాడు. అటువంటి ఒక తేల్‌వాలా గురించి చెప్పకుండా నేను ఈ వేదిక దిగలేను.

1979లో నేను ఒక సరుకు ఓడలో జూనియర్ ఇంజనీరును. నైరుతి ఋతుపవనాల కాలం, బంగాళాఖాతం మధ్య, రాత్రి రెండు గంటల వేళ జనరేటర్లు ఒకదాని వెనుక ఒకటి ఆగిపోయాయి. పంపులు ఆగాయి, పెద్ద ఇంజనూ ఆగింది. ఇంజను గదిలో పనిచేసిన వారికే తెలుసు, ఆ నిశ్శబ్దం ఎంత భయంకరమో. ఓడ అలలకు అడ్డం తిరిగి పొర్లుతోంది. డీజిల్ ఇంజను మొదలు కావాలంటే ఒత్తిడి గల గాలి కావాలి, ఆ గాలిని నింపి ఉంచే మా ఇనుప సీసాల్లో అది కూడా చాలినంత లేదు. భీమిలి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన మాకు తేల్‌వాలా. ఇంధనాన్ని వడగట్టే ఫిల్టరు అడుగున కుళాయి విప్పి, పడిన చుక్కలను వేళ్ల మధ్య రాసి, వాసన చూసి, “నీరు కలిసింది బాబూ. లైటు నా చేతుల మీద పట్టండి, చాలు” అన్నాడు. ట్యాంకులోని నీరంతా పోయి శుభ్రమైన నూనె వచ్చేదాకా వదిలాడు. తర్వాత చేతితో తిప్పే చిన్న కంప్రెసర్ హ్యాండిల్ పట్టుకున్నాడు. మేము వంతులవారీగా తిప్పాం, ఆయన మాత్రం తన వంతు దాటినా వదలలేదు. గంట దాటాక సీసాలోని గాలితో జనరేటరు అందుకుంది. లాగ్ పుస్తకంలో రెండు వాక్యాలు రాశారు: విద్యుత్తు పోయింది, తిరిగి వచ్చింది. కింద అధికారి సంతకం. పెద్దాయన పేరు అందులో లేదు. ఆ రోజు ఆ పుస్తకంలో ఆయన పేరు రాయించమని నేను అడగలేదు. నలభై ఏళ్లు దాటినా అది నన్ను వేధిస్తూనే ఉంది.

ఇంధనం ఇప్పుడు మళ్లీ మారుతోంది. 2050 నాటికో ఆ దరిదాపుల్లోనో ఓడల గ్రీన్‌హౌస్ వాయు ఉద్గారాలను నికరంగా సున్నాకు తేవాలని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2023లో లక్ష్యం పెట్టుకుంది. మిథనాల్‌తో నడిచే సరుకు ఓడలు ఇప్పటికే తిరుగుతున్నాయి, అమ్మోనియాతో నడిచే ఇంజన్లు తయారవుతున్నాయి. అమ్మోనియా విషవాయువు. గొట్టం ఎక్కడైనా కారితే మొదట దాన్ని పీల్చేది కింద డ్యూటీలో ఉన్నవాడే. ఆ ఓడల నమూనాలు గీసే గదుల్లో, నిబంధనలు రాసే సమావేశాల్లో తేల్‌వాలాను కూర్చోబెట్టి అడుగుతున్నారా? రేపు ఆ గదుల్లో కూర్చోబోయే విద్యార్థులారా, ఈ ప్రశ్న మీరు అడగాలి.

చివరగా ఒక్క కోరిక. వెనక వరుసల్లో ఇంజను గదుల్లో పనిచేసి విరమించిన వారు చాలామంది కూర్చుని ఉన్నారు. అయ్యా, దయచేసి ఒకసారి లేచి నిలబడండి. ఏ ఓడలో, ఏ ఏడు, ఏ హోదాలో చేశారో మీ సీడీసీ పుస్తకాల్లో, అంటే నావికుడి ఓడ ఉద్యోగాల వివరాలు నమోదయ్యే పుస్తకాల్లో ఉంటుంది. విద్యార్థులు ఒక్కొక్కరి పక్కన కూర్చుని ఆ వివరాలూ, ఆ పని తీరూ, మీ నోటి మాటల్లోనే రాసుకోవాలని కోరుతున్నాను. నా సీడీసీ తెచ్చాను, ఈ బల్ల మీద పెడుతున్నాను. భోజనాల తర్వాత మూడు గంటలకు ఇక్కడే మొదలుపెడదాం.