ఆసుపత్రి దారిలో వసంతం

శ్రోతలకు నమస్కారం. వసంతం అనగానే మనకి మామిడి చిగురు, కోయిల, మలయమారుతం వరసగా వచ్చేస్తాయి, ఎవరూ పిలవక్కర్లేదు. ఇంగ్లీషు కవులకీ అంతే, పద్నాలుగో శతాబ్దపు కవి చాసర్ కాలం నుంచీ ఏప్రిల్ అంటే తీయని చిరుజల్లులు. అలాంటి ఏప్రిల్‌ని పట్టుకుని, నెలలన్నిట్లోకీ క్రూరమైనది ఇదేనంటూ టి.ఎస్. ఎలియట్ 1922లో 'ది వేస్ట్ లాండ్' మొదలుపెట్టాడు. అప్పటికి ఆయన లండన్‌లో బ్యాంకు ఉద్యోగి. చచ్చిన నేలలోంచి లైలాక్ పూలు లేచి రావడం, అన్నీ మర్చిపోయి పడుకున్నవాణ్ణి తట్టి లేపి పాత బాకీ అడిగినట్టుంటుంది ఆ కవితలో.

1915లో అచ్చయిన ఎలియట్ 'ప్రూఫ్రాక్' కవితలో ఇంకా విడ్డూరం. సాయంకాలం ఆకాశం మీద ఎలా పరుచుకుందయ్యా అంటే, మత్తుమందిచ్చి బల్ల మీద పడుకోబెట్టిన పేషెంట్‌లా! సంధ్యారాగమూ లేదు, కుంకుమా లేదు. ఆ మాట అంటున్న మనిషిని చూడండి, ఏదో అడగాలనుకుంటాడు, ధైర్యం చాలదు, ఉన్నచోటు నుంచి కదల్లేడు. ఆకాశానికెక్కిన మత్తు ఆ మనిషిదే.

నాకు మాత్రం డాక్టరుగారంటే ఎక్కువ ఇష్టం. విలియం కార్లోస్ విలియమ్స్. న్యూజెర్సీలో రూథర్‌ఫర్డ్ అనే ఊళ్ళో ప్రాక్టీసు, పురుళ్ళు పొయ్యడం, పిల్లల వైద్యం, పేషెంట్‌కీ పేషెంట్‌కీ మధ్య దొరికిన ఖాళీలో కవిత్వం. 1923లో 'స్ప్రింగ్ అండ్ ఆల్' అని పుస్తకం వేశాడు. అందులో మొదటి కవిత అంటువ్యాధుల ఆసుపత్రికి వెళ్ళే రోడ్డు మీద మొదలవుతుంది. ఈశాన్యం నుంచి చలిగాలి, మచ్చలు మచ్చలుగా మబ్బులు, ఎండిపోయిన కలుపు మొక్కలు, అక్కడక్కడా నిలిచిన నీళ్ళు. పువ్వన్నది ఒక్కటీ లేదు. అంతలో 'అవి' వస్తాయి, ఏవో చెప్పడు, కొత్త లోకంలోకి బట్టల్లేకుండా, చలికి, ఏమవుతుందో తెలియకుండా. మొక్కలా, పసిపిల్లలా? అన్ని కాన్పులు చేసిన మనిషికి రెండూ ఒకలాగే కనపడి ఉంటాయి. ఇవాళ గడ్డి, రేపు అడవి క్యారెట్ ఆకు బిరుసుగా తిరిగిన మెలిక. ఒక్కొక్కటే తేటపడుతుంది, వేళ్ళు నేలని గట్టిగా పట్టుకుంటాయి.

ఎలియట్ 'ది వేస్ట్ లాండ్' తమ లోకం మీద అణుబాంబులా పడిందని విలియమ్స్ తర్వాత ఆత్మకథలో వాపోయాడు. అంత కోపం అక్కర్లేదేమో గానీ, వసంతం విషయంలో నా ఓటు ఆయనకే. వీలైతే రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి, ముందు ఎలియట్‌ది. డాక్టరుగారిది చిన్నదే, ఒక పేజీకి అటూ ఇటూ.