ఎల్ఈఎల్ సున్నా చూపించిందని రియాక్టర్‌లోకి దిగొద్దు

నమస్తే. జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ... బల్క్ డ్రగ్ ప్లాంటు ఎక్కడున్నా, క్లీనింగ్‌కో రిపేరుకో జీఎల్ఆర్‌లోకి, అంటే లోపల గాజు పూత ఉన్న రియాక్టర్‌లోకి, మనిషి దిగాల్సిన రోజు వస్తుంది. ఆ రోజు మ్యాన్‌హోల్ దగ్గర గ్యాస్ మీటర్‌ని ఎలా చదవాలో ఈ వీడియోలో చూద్దాం.

ఎల్ఈఎల్ అంటే గాలిలో గ్యాస్ ఎంత చేరితే నిప్పంటుకోగలదో ఆ కనీస హద్దు. అందులో ఎంత శాతం ఉందో మీటర్ చూపిస్తుంది. మీటర్ లోపలికి దించారు, ఎల్ఈఎల్ 0 వచ్చింది. "గ్యాస్ లేదు, దిగు" అంటారు. ఆగండి. ముందు ఆక్సిజన్ అంకె చూడండి. మామూలు ఎల్ఈఎల్ సెన్సార్‌లో ఒక చిన్న పూస ఉంటుంది. దాని మీద గ్యాస్ కాలినప్పుడు పుట్టే వేడినే మీటర్ అంకెగా చూపిస్తుంది. కాలాలంటే ఆక్సిజన్ కావాలి కదా! నైట్రోజన్ నిండిన రియాక్టర్‌లో టోలిన్ అనే సాల్వెంట్ (ద్రావకం) ఆవిరి ఎంత ఉన్నా ఆ పూస మీద ఏదీ కాలదు, మీటర్ సున్నా దగ్గరే కూర్చుంటుంది. ఆక్సిజన్ 10 శాతం లోపుంటే ఎల్ఈఎల్ అంకెని అసలు లెక్కలోకి తీసుకోవద్దు.

ఆక్సిజన్ 19.5 నుంచి 23.5 శాతం మధ్య ఉండాలని, మనిషి దిగే ముందు సంతకం చేసే పర్మిట్‌లో రాసి ఉంటుంది. 20.4 వచ్చిందనుకోండి, పర్మిట్ ప్రకారం పాస్. కానీ బయటి గాలిలో 20.9 ఉంటుంది. ఆ అర శాతం తగ్గిందంటే లోపలి గాలిలో దాదాపు 2.4 శాతం, అంటే 24 వేల పీపీఎం (పది లక్షల వంతుల్లో 24 వేలు), వేరే ఏదో చేరింది. అది నైట్రోజనా, సాల్వెంటా? తేలేవరకు సంతకం పెట్టొద్దు.

సాల్వెంట్ సంగతికొద్దాం. టోలిన్ ఎల్ఈఎల్ 1.1 శాతం, అంటే 11 వేల పీపీఎం. అందులో 10 శాతం లోపుంటే చాలని పర్మిట్ అంటుంది, అంటే 1,100 పీపీఎం. కానీ టోలిన్ 500 పీపీఎంకే ప్రాణానికి ముప్పుగా లెక్కిస్తారు. ఎల్ఈఎల్ హద్దు నిప్పు కోసం పెట్టింది, ఊపిరి కోసం కాదు. సాల్వెంట్ వాడిన రియాక్టర్ అయితే పీఐడీ మీటర్ (సాల్వెంట్ ఆవిరిని కొద్ది పీపీఎంలలోనూ పట్టేది) కూడా పెట్టాలి. ఆక్సిజన్, ఎల్ఈఎల్, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ చూపించే మామూలు నాలుగు గ్యాసుల మీటర్ ఒక్కటే సరిపోదు.

మీటర్‌ని ఆరుబయట ఆన్ చేసి, బంప్ టెస్ట్ (టెస్ట్ గ్యాస్ పట్టి మీటర్ స్పందిస్తోందో చూడటం) చేసి, అప్పుడు తీసుకురండి. మ్యాన్‌హోల్ పక్కనే ఆన్ చేస్తే అక్కడి ఆవిరినే సున్నాగా పట్టుకునే ప్రమాదం ఉంది. మీటర్‌కి గాలి లాగే ట్యూబ్‌ని పైన, మధ్యలో, అడుగున దించాలి. టోలిన్ ఆవిరి గాలికన్నా మూడు రెట్లు బరువు, అడుగునే పేరుకుంటుంది. ట్యూబ్ ఎంత పొడవుంటే అంతసేపు ఆగాలి, తొందరపడితే పాత గాలినే చదువుతారు. రీడింగ్ తీసేవాళ్లు తల మ్యాన్‌హోల్‌లోకి వంచకూడదు. నైట్రోజన్ అక్కడి నుంచే బయటికొస్తుంటుంది, ఒకటి రెండు ఊపిరులకే స్పృహ పోవచ్చు.

ఇదంతా ఐసొలేషన్ (రియాక్టర్‌కి వచ్చే పైపులు, కరెంటు పూర్తిగా వేరు చేయడం) అయ్యాకే. "వాల్వ్ కట్టేశాం" అంటే చాలదు, వాల్వులు పాస్ అవుతాయి, అంటే మూసినా లీకవుతాయి. నైట్రోజన్ లైనుకి బ్లైండ్ (పైపుని అడ్డంగా మూసే రేకు) వేయండి, లేదా పైపు ముక్క విప్పేయండి. చాలామంది మర్చిపోయేది వెంట్ లైను, అంటే ఆవిరి బయటికి పోయే పైపు. కామన్ హెడర్ (అన్ని రియాక్టర్లకీ కలిపి ఒకటే పైపు) అయితే పక్క రియాక్టర్ ఆవిరి దాన్నుంచే వెనక్కొస్తుంది. అజిటేటర్‌కి (లోపల తిరిగి కలిపే బ్లేడు) ఎంసీసీలో, అంటే మోటార్లకి కరెంటిచ్చే ప్యానెల్‌లో, లాక్ వేసి, తిరగట్లేదని తేల్చుకోవడానికి కింద స్టార్ట్ బటన్ నొక్కి చూడండి. బ్లోయర్ డక్ట్ అడుగుదాకా దించాలి, ఆక్సిజన్ సిలిండర్ మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు. తగిన భద్రతా పరికరాలు లేకుండా లోపలికి తీసుకెళ్లే లైటు 24 వోల్టులు దాటకూడదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 36ఎ చెప్పింది. సాల్వెంట్ ఉన్నచోట అది ఫ్లేమ్‌ప్రూఫ్ కూడా అయి ఉండాలి.

2005 నవంబరులో అమెరికాలోని డెలావేర్ సిటీ రిఫైనరీలో నైట్రోజన్ ఉన్న రియాక్టర్‌లో ఒక టేపు చుట్ట పడింది. దాన్ని తీయబోయి ఒకరు పడిపోయారు, ఆయన్ని కాపాడ్డానికి ఇంకొకరు దిగారు, ఇద్దరూ చనిపోయారు. అందుకే హోల్ వాచ్‌కి (మ్యాన్‌హోల్ బయట కాపలాకి) నిలబడ్డ మనిషి ఏం జరిగినా లోపలికి దిగకూడదు. గాలిని వడకట్టే కార్ట్రిడ్జ్ మాస్క్ ఆక్సిజన్ ఇవ్వదు, ఎస్‌సీబీఏ (వీపున గాలి సిలిండర్‌తో ఉండే మాస్క్) ఉన్న రెస్క్యూ టీం మాత్రమే దిగాలి. లోపలి మనిషిని పైనుంచే లాగేలా ట్రైపాడ్, వించ్, ఫుల్ బాడీ హార్నెస్ ముందే సిద్ధంగా ఉండాలి. జీఎల్ఆర్‌లో తాడు అజిటేటర్ బ్లేడుకి, బాఫిల్‌కి (ద్రవం సుడి తిరగకుండా లోపల పెట్టే అడ్డు) చిక్కుకుంటుంది. అందుకని మనిషి అడుగుకి చేరగానే ఒకసారి కొంచెం పైకి లాగి, తాడు సాఫీగా వస్తోందో లేదో చూసుకుని, ఆ తర్వాతే పని మొదలుపెట్టించండి.