అట్ట లోపలి పట్టిక

శ్రోతలకు నమస్కారం.

విజయవాడలో చదువుకున్నవాళ్ళకి లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్ల గురించి చెప్పక్కర్లేదు. జూన్ వస్తే మా నాన్నగారు నన్ను అక్కడికే తీసుకెళ్ళేవారు. కొన్న పుస్తకంలో నేను మొదట చూసేది అట్ట లోపలి వైపు. అంతకుముందు చదివిన పిల్లల పేర్లు, సెక్షన్లు, కొట్టివేతలు ఉండేవి. వాటి కింద నా పేరు రాసుకుంటే వాళ్ళ వరసలో నేనూ చేరినట్టుండేది.

అమెరికా రచయిత్రి మిల్‌డ్రెడ్ టేలర్ 1976లో పిల్లల కోసం రాసిన 'రోల్ ఆఫ్ థండర్, హియర్ మై క్రై' అనే నవలలో ఒక ఘట్టం నన్ను పట్టుకుని వదలకపోవడానికి ఆ అలవాటే కారణం కావచ్చు. మరుసటి ఏడాది ఆ నవలకి, అమెరికాలో పిల్లల పుస్తకాలకి ఇచ్చే న్యూబెరీ పతకం వచ్చింది. కథ జరిగేది 1933లో, మిసిసిపీ రాష్ట్రంలో. తెల్ల పిల్లలకి ఒక బడి, నల్ల పిల్లలకి వేరే బడి. అందులో లిటిల్ మ్యాన్ అని ఆరేళ్ళ నల్ల పిల్లాడుంటాడు. బట్టలకి కాస్త దుమ్ము అంటినా ఓర్చుకోలేడు. బడిలో పుస్తకాలిస్తారంటే ఎంతో సంబరపడతాడు. తీరా చేతికొచ్చింది మురికిపట్టిన పుస్తకం. శుభ్రంగా ఉన్నది ఇమ్మంటే టీచర్ కసురుకుంటుంది. అట్ట తెరుస్తాడు. లోపల ఒక పట్టిక. పుస్తకం ఎన్నోసారి ఇచ్చారు, ఎలా ఉంది, తీసుకున్న పిల్లలది ఏ జాతి అన్నీ అందులో ఉన్నాయి. పదకొండుసార్లు తెల్ల పిల్లలకే ఇచ్చారు. కొత్తది కాస్తా ఏడాదికేడాది నలిగిపోతూ వచ్చింది. పన్నెండో వరసలో 'మరీ పాడైపోయింది' అని ఉంది. దాని పక్కన నల్లవాళ్ళని చిన్నబుచ్చే మాట. పిల్లాడికి చదవడం వచ్చు. పుస్తకాన్ని నేలకేసి కొట్టి తొక్కేస్తాడు. టీచర్ బెత్తం తీస్తుంది. ఆమె కూడా నల్లజాతి మనిషే.

ఆదివారాలు మా డాబా మీద వీధి పిల్లలు పదిమంది చేరతారు. నేను చదివి తెలుగులో చెబుతుంటాను. ఆ ఘట్టం దగ్గరికొచ్చేసరికి ఎవ్వరూ కదల్లేదు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి సంచిలోంచి తన పాత సైన్సు పుస్తకం తీసి అట్ట లోపల చూసుకుంది. "మాస్టారూ, దీంట్లో ఇంటిపేర్లు కూడా రాశారు" అంది.

నేను ఇంకేమీ చెప్పనవసరం లేకపోయింది. కొత్తవాళ్ళు ఎవరొచ్చినా "ఇంటిపేరేంటి? మనోళ్ళేనా?" అని ఇంట్లో అడుగుతారని ఒకడన్నాడు. పొలం పనికొచ్చే ఆయనకి వాళ్ళ అమ్మమ్మ గ్లాసు వేరుగా పెడుతుందని ఇంకొకడు తలొంచుకుని చెప్పాడు. అక్కడి జాతివివక్ష, మన కులవివక్ష ఒకటి కాదని నాకు తెలుసు. అక్కడ ఒంటిరంగు చూడగానే తేల్చేస్తారు. ఇక్కడ ఇంటిపేరు, వీధి అడిగి తేల్చుకుంటారు. పిల్లలు ఆ తేడా తెలుసుకోవాలి. కానీ వాళ్ళని ఇక్కడిదాకా నడిపించింది మిసిసిపీ కథే. నేరుగా అడిగి ఉంటే ఆ గ్లాసు సంగతి బయటికొచ్చేది కాదు.

మరుసటి వారం జాషువాగారి 'గబ్బిలం' చెప్పాను. ఆయన 1895లో మన వినుకొండలో పుట్టారు. 1941లో వచ్చిన ఆ కావ్యంలో, గుడిలోకి రానివ్వని మనిషి తన గోడు కాశీ విశ్వనాథుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. "గబ్బిలం వెళ్ళొచ్చా? మనిషి వెళ్ళకూడదా? అదెలా?" అని అడిగాడు ఆ గ్లాసు సంగతి చెప్పిన కుర్రాడే.

మొదట్లో నేను ఇలాంటి కథలు ఎంచేవాణ్ణి కాదు. మంచి తెల్లదొర ఒకాయన వచ్చి నల్లవాళ్ళని ఆదుకునే కథలు చెప్పేవాణ్ణి. పిల్లలు ఆ దొరనే మెచ్చుకునేవారు, దెబ్బ తిన్నవాడి పేరు కూడా గుర్తుండేది కాదు. లిటిల్ మ్యాన్ పేరు మాత్రం ఎవ్వరూ మర్చిపోలేదు.

"పసిపిల్లలకి ఇప్పట్నుంచే ఇవన్నీ ఎందుకండీ, టెన్షన్ పడతారు" అని ఒక తల్లి నాతో అన్నారు. ఆవిడ భయం నాకు అర్థమవుతుంది. కానీ 1960లో న్యూ ఆర్లీన్స్‌లో రూబీ బ్రిడ్జెస్ అనే నల్లజాతి పాప, ఫెడరల్ మార్షల్స్ అనే కేంద్ర ప్రభుత్వ అధికారులు కాపలాగా వెంటరాగా, గోలచేసే గుంపు మధ్యలోంచి తెల్లవాళ్ళ బడికి నడిచి వెళ్ళింది. ఆ ఏడాదంతా తరగతిలో ఆమె ఒక్కతే, టీచర్ ఒక్కరే. అప్పుడు ఆ పాపకి ఆరేళ్ళు. ఆ వయసుకి భరించక తప్పనిది, పదమూడేళ్ళ పిల్లలు కథగానైనా వినకూడదంటే నా మనసు ఒప్పుకోదు.

నవల్లో లిటిల్ మ్యాన్ వాళ్ళమ్మ కూడా టీచరే. సంగతి తెలిశాక ఆవిడ కాగితం కత్తిరించి, జిగురు రాసి, ఆ పట్టిక కనబడకుండా అతికించేస్తుంది. తన తరగతి పిల్లల పుస్తకాలకీ అలాగే చేస్తుంది. పోయిన ఆదివారం దీనిమీద పెద్ద వాదనే జరిగింది. చదువుకునే పిల్లలకి రోజూ ఆ మాట కళ్ళబడకూడదు కాబట్టి అతికించడమే సరైనదని కొందరన్నారు. సైన్సు పుస్తకం అమ్మాయి ఒప్పుకోలేదు. "అతికించేస్తే, తర్వాత చదివేవాళ్ళకి అక్కడేముందో ఎలా తెలుస్తుంది మాస్టారూ?" అంది. చీకటిపడ్డా తేలలేదు. కింద నుంచి అమ్మలు అన్నాలకి పిలిచారు. వచ్చే ఆదివారం మళ్ళీ అక్కణ్ణుంచే మొదలుపెడతాం.

నమస్కారం.