పులసో, ఇలసో: తెలుసని ఎప్పుడు అనాలి?

(రాజమండ్రిలో ఒక చిన్న స్టూడియోలో, గోదావరికి వరదతో ఎర్రనీరు వచ్చిన వారం రికార్డు చేసిన చర్చ ఇది. పాల్గొన్నవాళ్లు వద్దన్నారు కాబట్టి పేర్లు వేయడం లేదు. కాలేజీలో తత్వశాస్త్రం చెప్పే అధ్యాపకురాలు, కాలువల మీద పనిచేసి రిటైరైన లస్కరు, యానాం నుంచి చేపలు తెచ్చి అమ్మే వ్యాపారి వచ్చారు. దగ్గులూ, టీ గ్లాసుల చప్పుడూ తీసేశాం. మాటలు ముట్టుకోలేదు.)

వ్యాఖ్యాత: నమస్కారం. ఒక సంగతి మనకు తెలుసు అని ఎప్పుడు అనొచ్చు, తెలిశాక ఎలా నడుచుకోవాలి అన్నది ఇవాళ్టి చర్చ. మరీ బరువుగా ఉంది కాబట్టి చేపతో మొదలుపెడదాం. అమ్మా, ఇది పులస అని మీకెలా తెలుస్తుంది?

వ్యాపారి: చూస్తే తెలిసిపోతుందండి.

వ్యాఖ్యాత: ఏం చూస్తే?

వ్యాపారి: ఒళ్లు చూస్తాం. సముద్రంలో పట్టింది తెల్లగా వెండిలా మెరుస్తుంది. ఎర్రనీటికి ఎదురీది వచ్చింది కాస్త రంగు తిరుగుతుంది. చేత్తో పట్టుకుంటే బిగువు తెలుస్తుంది. ఇక వండాక తిన్నవాళ్లెవరైనా చెప్తారు. కానీ అప్పటికి మీరు వేలకి వేలు ఇచ్చేసి ఉంటారు కదండీ.

అధ్యాపకురాలు: నన్ను ఎప్పుడూ తికమక పెట్టేది ఒకటుంది. రెండూ ఒకటే చేప. సముద్రంలో ఉంటే ఇలస, గుడ్లు పెట్టడానికి ఏరెక్కి వస్తే పులస. అంటే పులస అనేది ఆ చేప ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందన్న సంగతి. అయిపోయిన ప్రయాణం కంటికెలా కనిపిస్తుంది?

వ్యాపారి: అందుకే పట్టినవాళ్లని అడుగుతాను. మా పడవవాళ్లయితే వల ఎక్కడ వేశారో, ఏ పూట వేశారో చెప్తారు. ఐసు పెట్టెలో ఒరిస్సా నుంచి దిగిన చేపకి కూడా పులస అని పేరు పెట్టి అమ్మేస్తారండి కొందరు. రంగు చూసి నేనూ ఒకటి రెండుసార్లు మోసపోయాను. ఇంతకాలం ఈ పని చేశాక కూడా.

అధ్యాపకురాలు: చూశారా, ఆవిడ కన్ను కూడా చివరికి ఒకరి మాట మీద ఆగింది. మన న్యాయశాస్త్రం, అంటే తర్కం చెప్పే దర్శనం, తెలుసుకునే దారులు నాలుగన్నది. వాటినే ప్రమాణాలంటారు: ప్రత్యక్షం అంటే స్వయంగా చూడటం, అనుమానం అంటే సందేహం కాదు, గుర్తును బట్టి తేల్చుకోవడం, ఉపమానం అంటే పోలిక, నాలుగోది శబ్దం. చార్వాకులనే పాతకాలపు భౌతికవాదులు ప్రత్యక్షం ఒక్కటే చాలన్నారు. వాళ్ల లెక్కన రాజమండ్రిలో పులస తిన్నానని చెప్పుకునే హక్కు జాలరికి తప్ప ఎవరికీ లేదు. (నవ్వులు) శబ్దం అంటే ఆప్తుడి మాట. ఆప్తుడంటే చుట్టం అని కాదు. న్యాయసూత్రాలకి భాష్యం రాసిన వాత్స్యాయనుడు, మీరు అనుకుంటున్న ఆయన కాదు లెండి, విషయం స్వయంగా తెలుసుకుని, తెలిసింది తెలిసినట్టు చెప్పాలనుకునేవాడే ఆప్తుడన్నాడు. ఋషికైనా, మ్లేచ్ఛుడికైనా అదే లక్షణమన్నాడు. నాకు ఆ వాక్యం చాలా ఇష్టం. కులమూ అడగలేదు, చదువూ అడగలేదు.

వ్యాపారి: అయితే నేనూ ఆప్తురాలినేనన్నమాట.

అధ్యాపకురాలు: తెలిసింది తెలిసినట్టు చెప్పినంతసేపూ.

వ్యాపారి: అదిగో, అక్కడే పేచీ. (నవ్వు)

వ్యాఖ్యాత: బాబాయ్ గారు మౌనంగా ఉన్నారు.

లస్కరు: వింటున్నానండి. నాకు చేపల సంగతి తెలీదు, నీళ్ల సంగతే.

అధ్యాపకురాలు: ఒక్క చిక్కుముడి చెప్పి మీకే వదిలేస్తాను. ఒక దుకాణదారు ఉన్నాడు. తన దగ్గరున్నది సముద్రపు చేప అనుకుంటూనే, మీకు పులస అని అబద్ధం చెప్పి అమ్మాడు. మీరు నమ్మారు. తమాషా ఏమిటంటే ఆ పెట్టెలో పొరపాటున నిజంగా పులసే వచ్చింది. ఇప్పుడు మీ నమ్మకం నిజం. నమ్మడానికి కారణమూ ఉంది, దుకాణదారు చెప్పాడు. అయినా అది పులస అని మీకు తెలుసు అనగలమా?

వ్యాఖ్యాత: లేదు... అదృష్టం కలిసొచ్చింది అంతే.

అధ్యాపకురాలు: 1963లో ఎడ్మండ్ గెటియర్ అనే అమెరికన్ మూడు పేజీల వ్యాసంలో ఇలాంటి ఉదాహరణలు రెండిచ్చాడు. నిజమైన నమ్మకానికి కారణం తోడైతే జ్ఞానం అనుకునే పాత నిర్వచనం దాంతో కదిలిపోయింది. కానీ ఎనిమిదో శతాబ్దంలోనే ధర్మోత్తరుడనే బౌద్ధ పండితుడు దాదాపు ఇదే చెప్పాడు. మాంసం కాల్చుకోవడానికి అప్పుడే నిప్పు రాజేశారు, పొగ ఇంకా లేవలేదు. మాంసం మీద ముసిరిన పురుగుల్ని దూరం నుంచి చూసినవాడు పొగ అనుకుని, అక్కడ నిప్పుంది అన్నాడు. నిప్పు ఉంది. వాడికి తెలిసిందా మరి?

లస్కరు: అలాంటిది నాకు జరిగిందండి.

వ్యాఖ్యాత: పురుగులతోనా?

లస్కరు: కాదండి, గండితో. 1986 ఆగస్టు. నేను పనిలో చేరి రెండేళ్లు. ధవళేశ్వరం దగ్గర 17 లక్షల క్యూసెక్కులకి మూడో హెచ్చరిక ఇస్తారు కదా, ఆ ఏడు 35 లక్షలు దాటింది. మమ్మల్ని ఏటిగట్టు కాపలాకి వేశారు. ఇసుక బస్తాలు, లాంతర్లు, టార్చిలైట్లు. గట్టు కింద ఊరు ఖాళీ చేయించాలి. అందరూ కదిలారు గానీ ఒక ముసలావిడ కదల్లేదు. రెండు గేదెలు. గట్టుండగా నాకేం భయం అంటుంది. పైనుంచి కబురొచ్చింది మామ్మా, ఇంకా పెరుగుతుందట అన్నాను. కిందటేడూ ఇలాగే అన్నారు, ఏమైంది అంది. నిజమేనండి, కిందటేడు ఏమీ కాలేదు.

వ్యాఖ్యాత: అప్పుడు?

లస్కరు: పైన గండి పడింది, నీళ్లొచ్చేస్తున్నాయి అన్నాను. నువ్వు చూశావా అంది. చూశాను, నా కళ్లతో చూశాను అన్నాను. ఇంక మాట్లాడలేదు. గేదెల పలుపులు విప్పి చేతికిచ్చింది. ఒకదాని పలుపు ముడి బిగుసుకుపోయి రాకపోతే కొడవలితో కోసింది. బడి మేడ మీదకి తీసుకెళ్లాం. తెల్లారేసరికి ఆవిడ ఇంటి పైకప్పు ఒక్కటే కనబడింది. తర్వాత తెలిసింది ఏంటంటే, నేను ఆ మాట అన్న గంట ముందే పైన నిజంగా గండి పడింది. నాకు తెలీదు.

(ఇక్కడ కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దాన్ని కట్ చేయబుద్ధి కాలేదు.)

వ్యాఖ్యాత: అయితే మీరు చెప్పింది నిజమే కదా.

వ్యాపారి: గండి నిజమే బాబూ. చూశానన్నది అబద్ధమేగా. ఆవిడ కదిలింది ఆ రెండో మాటకే.

అధ్యాపకురాలు: నేను క్లాసులో గంటసేపు చెప్పేదాన్ని ఆవిడ రెండు ముక్కల్లో తేల్చేశారు.

వ్యాఖ్యాత: మేడమ్, జర్మన్ తత్వవేత్త కాంట్ దీనికి ఏమంటాడు?

అధ్యాపకురాలు: ఒప్పుకోడు. 1797లో దీని మీదే చిన్న వ్యాసం రాశాడు. చంపడానికి వచ్చినవాడు నీ స్నేహితుడు ఇంట్లో ఉన్నాడా అని అడిగినా అబద్ధం చెప్పకూడదంటాడు. పిల్లలకి ఆ పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు గొంతులో ఏదో అడ్డుపడుతుంది. నేనే బాబాయ్ గారి స్థానంలో ఉంటే అబద్ధమే ఆడేదాన్ని. ఆ తర్వాత మాత్రం ఆవిడ దగ్గరికెళ్లి, ఆడానని ఒప్పుకునేదాన్ని.

లస్కరు: ఒప్పుకోబట్టే చెడిందండి.

వ్యాఖ్యాత: అదెలా?

లస్కరు: వరద తీశాక టీ కొట్టు దగ్గర గొప్పగా చెప్పేశాను. అందరూ నవ్వారు, వీపు తట్టారు. ఇంకో వరదకి అదే ఊరెళ్లి సామాను సర్దుకోండి అంటే, ఏరా, ఈసారైనా చూశావా అన్నారు. ఈసారి నేను చూసే వచ్చాను. గట్టు చెమ్మగిల్లి కింద బుడగలు లేస్తున్నాయి. ఎంత చెప్పినా సగం మంది కదల్లేదు. గట్టు ఆగింది కాబట్టి సరిపోయింది గానీ... ఒకావిడ్ని లేపడానికి ఊరందరి దగ్గరా ఉన్న నమ్మకం ఖర్చు పెట్టేశానని అప్పుడనిపించింది. మళ్లీ ఆ రాత్రే వస్తే ఏం చేస్తాను అంటే, అదే చేస్తానేమో. తెలీదండి.

అధ్యాపకురాలు: జ్ఞానం ఒకవైపు, నీతి ఒకవైపు అని సిలబస్‌లో విడివిడి పేపర్లుగా పెడతారు. నాకెప్పుడూ అది నచ్చలేదు. ఊళ్లో పదిమందికి తెలిసినదంతా ఒకరి మాట మీద ఒకరికి తెలిసిందే. ఆ మాట చెడితే తెలియడమే చెడుతుంది. మనం తినే చేప దగ్గర్నుంచి పారిపోవాల్సిన వరద దాకా.

వ్యాపారి: నాకు అర్థమైంది ఒక్కటే మేడమ్. తెలీనప్పుడు తెలీదంటే బేరం పోతుంది. అయినా అనాలి.

వ్యాఖ్యాత: ఒక ఫోన్ వస్తోంది. నమస్కారం, చెప్పండి.

ఫోన్‌లో: నమస్తే అండి. కోనసీమ నుంచి. నేను రొయ్యల చెరువు లీజుకి చేస్తున్నాను, నాలుగెకరాలు. పక్క చేను ఆయన వరి ఎర్రబారిపోతోంది, నీ చెరువు ఉప్పు ఊరుతోంది అంటాడు. ఊట కంటికి కనబడదు కదండీ. నా చెరువు వల్లే అని ఎలా తెలుస్తుంది? ఎరువు లోపం కావచ్చు, తెగులు కావచ్చు. మీరు తెలియడం గురించి మాట్లాడుతున్నారని చేశాను.

అధ్యాపకురాలు: మంచి ప్రశ్న. నిజానికి ఇది కోర్టు దాకా వెళ్లిన ప్రశ్న. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరం వెంట రొయ్యల చెరువుల మీద తీర్పిచ్చినప్పుడు పొలాలు, తాగునీళ్లు ఉప్పుబారడం కూడా అందులో చర్చకొచ్చింది. మట్టి పరీక్ష చేయిస్తే ఉప్పెంతో అంకె వస్తుంది కదండీ.

ఫోన్‌లో: చేయించొచ్చు గానీ, ఆ ఉప్పు నా చెరువుదే అని మట్టి చెప్పదు కదా మేడమ్.

లస్కరు: బాబూ, మధ్యలో బోదె, అదే చిన్న కాలువ, ఉందా?

ఫోన్‌లో: ఉందండి. పూడిపోయింది.

లస్కరు: పూడిక తీయించి, ఆ బోదెలో ఊరే నీళ్లు నోట్లో వేసుకుని చూడు. చెరువు పక్క ఒకసారి, పది గజాల అవతల ఒకసారి. ఆయన్ని కూడా పక్కన పెట్టుకుని చూడు. చెరువు దగ్గర ఉప్పు ఎక్కువై, పోనుపోను తగ్గిందంటే ఇంక నన్నడగక్కర్లేదు.

ఫోన్‌లో: అవునండి.

వ్యాపారి: నేనొకటి అడగనా? బోదె పూడి ఎన్నాళ్లయింది?

ఫోన్‌లో: రెండేళ్లు... మూడేళ్లు అయుంటుంది.

వ్యాపారి: మరి ఇన్నాళ్లూ ఎందుకు తీయించలేదు తమ్ముడూ? నీకు రుజువు కావాలా, రుజువు దొరక్కుండా ఉండటం కావాలా?

(జవాబు లేదు. వెనక చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల మోత వినిపిస్తోంది.)

వ్యాఖ్యాత: హలో? లైన్‌లో ఉన్నారా?

ఫోన్‌లో: ఉన్నానండి. లీజు ఇంకా రెండేళ్లుంది.

వ్యాఖ్యాత: ఏమన్నారు?

ఫోన్‌లో: ఏం లేదండి. ఆ బోదె ఎంత లోతు తీయించాలో ఆయన్ని ఒకసారి చెప్పమనండి.