జింజా బడిలో పద్దెనిమిది రోజులు

శ్రోతలకు నమస్కారం.

గత సంవత్సరం మే నెలాఖరున, చెన్నై పెరంబూరులోని మా తెలుగు క్రైస్తవ సంఘం నుంచి ఏడుగురం ఉగాండా దేశంలో జింజా పట్టణానికి చేరువలో ఉన్న ఒక ప్రాథమిక పాఠశాలకు వెళ్లి, 18 రోజులు అక్కడ పరిచర్య చేసి వచ్చాం. విక్టోరియా సరస్సు నుంచి నైలు నది బయలుదేరే చోటు జింజా. ఆ రోజుల్లో మేం చేసినదానిలో ఏది బడికి పనికివచ్చిందో, ఏది పనికిరాలేదో దాచకుండా చెప్పాలని ఈ అవకాశం తీసుకున్నాను.

ప్రయాణం సంగతి ఆరాధనలో ప్రకటించిన ఆదివారమే, స్త్రీల సమాజంలోని ఒక పెద్దావిడ నన్ను ఆపి, "ఏడుగురి టిక్కెట్లకే నాలుగు లక్షలు దాటుతుందట కదమ్మా, ఆ సొమ్మేదో ఆ బడికే పంపితే సరిపోదా?" అని అడిగారు. కానుక సంచిలో పదీ ఇరవై వేసేవారి సొమ్ము అది. ఆవిడకు అప్పుడు నేను చెప్పిన సమాధానం నాకే తృప్తినివ్వలేదు. మనిషి వెళ్తే తప్ప జరగని పని అక్కడ ఏముందన్న ప్రశ్న విమానం ఎక్కినా నన్ను వదలలేదు.

ఉగాండా ప్రభుత్వం 1997లో ప్రాథమిక విద్యను ఉచితం చేసింది. అంతకు ముందు ఏడాది సుమారు 31 లక్షలుగా ఉన్న విద్యార్థుల సంఖ్య ఒక్కసారిగా 53 లక్షలకు చేరింది. పిల్లలు వచ్చినంత వేగంగా గదులూ ఉపాధ్యాయులూ రాలేదు. మేం చూసిన మూడో తరగతిలో 94 మంది పిల్లలకు ఒక్కరే ఉపాధ్యాయుడు. దానికితోడు, మొదటి మూడు తరగతులు ఆ ప్రాంతపు భాషలో, అంటే అక్కడ లుసోగాలో, నడిచి, నాలుగో తరగతి నుంచి చదువు ఇంగ్లీషులోకి మళ్లుతుంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషుగా పెరిగిన చెన్నై తెలుగువారికి ఆ పిల్లల తడబాటు ఎలాంటిదో వివరించనక్కరలేదు.

మేం రెండు పెద్ద పెట్టెల నిండా నోటు పుస్తకాలు తీసుకువెళ్లాం. ప్రధానోపాధ్యాయిని వాటిని ఆదరంగానే అందుకుని, ఇవే పుస్తకాలు తమ ఊరి అంగడిలో దొరుకుతాయని, అక్కడ కొంటే ఆ అంగడివాడి పిల్లల ఫీజు కూడా గడుస్తుందని మెల్లగా చెప్పారు. ఆ తరువాత సుద్దముక్కలు సహా ప్రతి వస్తువూ అక్కడే కొన్నాం.

మొదటి రెండు రోజులు తరగతుల్లో మేమే నిలబడి పాటలు నేర్పాం, ఆటలు ఆడించాం. పిల్లలు ఎంతో సంతోషించారు, మేమూ సంతోషించాం. మూడో రోజు ఉదయం మూడో తరగతి ఉపాధ్యాయుడు వచ్చి, తన లెక్కల పాఠం రెండు రోజులు వెనకబడిందని, మేం వెళ్లిపోయాక దానిని పూర్తి చేయవలసింది తానేనని అన్నారు. ఆయన కోపంగా అనలేదు, కానీ ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన నాకు ఆ మాట చాలా లోతుగా తగిలింది. నా తరగతి గదిలోకి అడగకుండా ఎవరైనా వచ్చి నా పాఠం ఆపితే నేను ఊరుకునేదాన్నా? ఆ రోజు నుంచి పాఠం ఆయనే చెప్పారు. వెనకబడిన పదిహేను మందిని చెట్టు కిందికి తీసుకువెళ్లి, రెల్లు పుల్లలను పదేసి చొప్పున కట్టలు కట్టించి, ఒక కట్ట విప్పితేనే తీసివేతలో 'అప్పు' అంటే ఏమిటో బోధపడుతుందని చూపించడం మా పని అయింది. చిన్నప్పుడు చింతగింజలతో మనం నేర్చుకున్న లెక్కే అది. రెండో వారంలో ఆ కట్టలను ఆయనే తరగతి మొత్తానికీ వాడారు.

మధ్యాహ్నం సంగతి చెప్పాలి. అక్కడి బడుల్లో ప్రభుత్వ భోజనం లేదు. మొక్కజొన్న పిండితో వండే పోషో, చిక్కుడు గింజల పులుసు, ఇవి తల్లిదండ్రులు చెల్లించిన దానితోనే వండుతారు. చెల్లించలేని ఇంటి పిల్లలు ఆ గంట సేపు మామిడి చెట్టు కింద కూర్చుంటారు. మొదటి రోజు ఆ పిల్లలను చూశాక మాలో ఎవరికీ అన్నం సహించలేదు. 1920లో ఇదే మద్రాసు నగరంలో, థౌజండ్ లైట్స్ పాఠశాలలో పిల్లవాడికి రోజుకు ఒక అణా మించని ఖర్చుతో మధ్యాహ్న భోజనం పెట్టించింది నగర కార్పొరేషన్. అప్పుడు దాని అధ్యక్షులు తెలుగువారైన పిట్టి త్యాగరాయ చెట్టి గారు. మన త్యాగరాయనగర్ ఆయన పేరు మీదే ఉంది. ఆకలితో ఉన్న పిల్లవాడికి చదువు ఎక్కదన్న సంగతి మన ఊరు వందేళ్ల కిందటే గుర్తించింది.

మా బృందంలో, ఒక కార్పొరేషన్ బడిలో ఇరవై ఏళ్లకు పైగా సత్తుణవు, అంటే తమిళనాడు బడుల మధ్యాహ్న భోజన పథకం, వంటశాల నడిపి విరమించిన అక్క ఉన్నారు. ఆవిడకు ఇంగ్లీషు అంతంత మాత్రం. అయినా పొయ్యి దగ్గర కూర్చుని వండే స్త్రీలతో రెండు రోజుల్లో కలిసిపోయి, హాజరు ఎంత, పిండి ఎంత, గింజలు ఎంత, మిగిలింది ఎంత అని రోజూ రాసే పట్టీ ఒకటి గీసి ఇచ్చారు. డబ్బుకు బదులు కోతల తరువాత మొక్కజొన్నే ఇచ్చే పద్ధతి అక్కడ ముందే ఉంది, కానీ లెక్క కనబడక కొందరు మానేశారు. పట్టీని గోడకు అంటించిన వారంలోనే మరో పదకొండు కుటుంబాలు మొక్కజొన్న ఇస్తామని ఒప్పుకున్నాయి. పెరంబూరు పెద్దావిడ ప్రశ్నకు నాకు అక్కడ సమాధానం దొరికింది. ఈ పని నాలుగు లక్షలు పంపితే జరిగేది కాదు, ఆ అక్క వెళ్తేనే జరిగింది.

బడి గోడ కట్టే పని మాత్రం మేం ముట్టుకోలేదు. 1876-78 నాటి కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని, ఆకలిగొన్నవారికి కూలి దొరికేలా చేశారు. ఆ కాలువ నేటికీ మన నగరం గుండానే సాగుతోంది. మేము కూడా మా ఊళ్లో పోగైన కట్టుబడి సొమ్మును జింజా తాపీ మేస్త్రీలకే ఇచ్చాం. వారి గోడ మేం కట్టే గోడ కంటే నిటారుగా నిలబడుతుందన్నది ఎలాగూ నిజమే.

వచ్చే మేలో మళ్లీ వెళ్తున్నాం, ఈసారి ముగ్గురమే. మిగిలిన నలుగురి టిక్కెట్ల సొమ్ము రెండేళ్ల పాటు చిక్కుడు గింజలకు కేటాయించాం. ఎల్లో ఫీవర్ టీకా గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలి. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది కనుక మాలో ఇద్దరికి ఆ పని లేదు. పిల్లల ఫొటోలు బడి అనుమతి లేకుండా తీయరాదని, ఏ పిల్లవాడితోనూ ఒంటరిగా ఉండరాదని ముగ్గురం సంతకాలు చేశాం. చెన్నైలో చదువుకుంటున్న జింజా అమ్మాయి ఒకరు ఆదివారం ఆరాధన అయ్యాక మాకు లుసోగా నేర్పుతోంది. ఇప్పటికి ఇరవై దాకా లెక్కపెట్టగలుగుతున్నాం.