ఫెలోషిప్ డబ్బు దేనికి వస్తుంది, దేనికి రాదు: నిర్లక్ష్యానికి గురైన వ్యాధులపై పరిశోధన

తెర మీద: రాత్రి పదకొండు. టార్చి వెలుగులో వేలి కొస నుంచి రక్తపు చుక్క తీస్తున్న చేతులు.

వ్యాఖ్యానం: బోదకాలు తెచ్చే పురుగుల పిల్లలు, అంటే మైక్రోఫైలేరియాలు, చాలా ప్రాంతాల్లో పగలు రక్తంలో సరిగా దొరకవు. రాత్రి 10 నుంచి 2 మధ్యలో చుక్క తీయాలి. అంటే రాత్రిపూట బండి, సిబ్బందికి రాత్రి భత్యం, తలుపు తట్టడానికి ఊళ్లోవాళ్లు ఎరిగిన మనిషి కావాలి. ఫెలోషిప్ దరఖాస్తులో ఈ మూడు ఖర్చులూ ఎక్కడ రాశారు? చాలామంది ఎక్కడా రాయరు. సైన్సు బాగానే ఉంటుంది, లెక్క దగ్గరే దొరికిపోతారు.

తెర మీద: రెండు పెట్టెలు. ఒకదాని మీద "మనిషికి", రెండోదాని మీద "పనికి".

వ్యాఖ్యానం: ఫెలోషిప్ మనిషికి ఇచ్చేది, గ్రాంటు పనికి ఇచ్చేది. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ ఇచ్చే ఎఫ్31 అనే ఫెలోషిప్ పీహెచ్‌డీ విద్యార్థికి స్టైపెండు, ఫీజులో కొంత, సంస్థ భత్యం పేరుతో చిన్న మొత్తం ఇస్తుంది. ఆ భత్యంతో ఊళ్లు తిరిగే సర్వే నడవదు, అది గైడ్ గ్రాంటు మీద నడవాలి. పైగా ఎఫ్31కి ఆ దేశ పౌరసత్వమో శాశ్వత నివాసమో ఉండాలి. రాయల్ సొసైటీ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్ అండ్ హైజీన్ వారి ఎర్లీ కెరీర్ గ్రాంటు రెండో పెట్టెలోది: ఏడాది ప్రాజెక్టుకు 5,000 పౌండ్ల దాకా. ఈ రెండు రకాల డబ్బునూ జతచేసుకోవడమే అసలు పని.

అల్పాదాయ, మధ్యాదాయ దేశాల వాళ్లు ముందు చూడాల్సింది టీడీఆర్, అంటే ఉష్ణమండల వ్యాధుల పరిశోధన, శిక్షణ కార్యక్రమం. 1975లో మొదలై ప్రపంచ ఆరోగ్య సంస్థలో ఉంటూ నడుస్తున్న ఈ కార్యక్రమం కొన్ని విశ్వవిద్యాలయాల్లో ఇంప్లిమెంటేషన్ రీసెర్చ్ వైపు మాస్టర్స్ చదువుకు డబ్బిస్తుంది. కొత్త మందు కనిపెట్టే ప్రాజెక్టు అక్కడికి పంపితే వృథా. ఉన్న మందు మనుషులకు ఎందుకు అందడం లేదన్నదే వాళ్ల ప్రశ్న. ఇక ఐరోపా సమాఖ్య డబ్బుతో పీహెచ్‌డీ చేయించే మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్కుల్లో జాతీయత అడ్డురాదు కానీ, చేరే ముందు 36 నెలల్లో, చేరబోయే దేశంలో 12 నెలలు మించి ఉండకూడదు. అక్కడే మాస్టర్స్ చేసినవాళ్లు ఈ నిబంధన దగ్గరే జారిపోతారు.

తెర మీద: ఒకదాని మీద ఒకటి పడుతున్న మూడు జాబితాలు.

వ్యాఖ్యానం: "నిర్లక్ష్యానికి గురైన" అన్న మాటకు అందరి దగ్గరా ఒకే అర్థం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో ఇప్పుడు 21 వ్యాధులూ వ్యాధి సమూహాలూ ఉన్నాయి. 2023 డిసెంబరులో నోటిని, ముఖాన్ని కుళ్లబెట్టే నోమా చేరింది. మలేరియా, క్షయ అందులో లేవు. పరిశోధన నిధులను లెక్కగట్టే జీ-ఫైండర్ సర్వే మాత్రం హెచ్‌ఐవీ, క్షయ, మలేరియాలను కూడా కలుపుకుంటుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇలాంటి వ్యాధులకు మందు తెచ్చిన కంపెనీలకు త్వరిత సమీక్ష వోచర్ ఇస్తుంది, ఆ వోచర్ జాబితాలోనూ మలేరియా, క్షయ ఉన్నాయి. ఇంకో తమాషా: 2017 నుంచి పాముకాటు ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో ఉంది, కానీ అది అంటువ్యాధి కాదు. ప్రకటనలో "అంటువ్యాధులు" అని ఉంటే విషం మీద ప్రాజెక్టు తొలి వడపోతలోనే పోతుంది. అందుకే దాత ఏ జాబితా పాటిస్తున్నారో అడిగి తెలుసుకుని, మొదటి పేరాలోనే ఆ జాబితా పేరు రాయండి.

తెర మీద: కాలరేఖ. మూడేళ్లు.

వ్యాఖ్యానం: ఇప్పుడు కాలం సంగతి. కుష్ఠు బ్యాక్టీరియా ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడటానికి సగటున 5 ఏళ్లు, ఒక్కోసారి 20 ఏళ్లు దాటుతుంది. మూడేళ్ల ఫెలోషిప్‌లో "కొత్తగా సోకినవారిలో ఎందరికి వ్యాధి వస్తుంది" అని అడిగితే, సమీక్షకులు చదవడం అక్కడే ఆపేస్తారు. దాని బదులు రోగ నిర్ధారణ ఎందుకు ఆలస్యమవుతోందని అడగండి, గడువులో తేలుతుంది.

సామూహికంగా మందులు మింగించే కార్యక్రమం తేదీ కూడా కనుక్కోండి. అది అయిన వెంటనే నమూనాలు తీస్తే పురుగుల లెక్క తగ్గి కనిపిస్తుంది.

నైతిక అనుమతి చదివే సంస్థలోనూ కావాలి, పని జరిగే దేశంలోనూ కావాలి. నమూనాలు సరిహద్దు దాటితే, వాటిని ఎవరు దేనికి వాడాలో రాసుకునే మెటీరియల్ ట్రాన్స్‌ఫర్ ఒప్పందం అదనం. ఇవన్నీ నెలల తరబడి సాగుతాయి. మొదటి ఏడాదికి, నిల్వ ఉన్న పాత నమూనాలతోనో డేటాతోనో జరిగే పని పెట్టుకోండి. అయితే ఆ పాత సమ్మతి పత్రంలో "ముందు ముందు ఇతర పరిశోధనలకు" అన్న వాక్యం ఉందో లేదో చూసుకోవాలి.

తెర మీద: మైక్రోస్కోపు, పక్కన టైమర్.

వ్యాఖ్యానం: ఏ పరీక్ష ఎంచుకుంటారో దాన్నిబట్టే ఖర్చు. నులిపురుగులకు వాడే కాటో-కాట్జ్ అనే మల పరీక్ష చూడండి. మూసలో పట్టేది 41.7 మిల్లీగ్రాముల మలం. స్లైడులో కనిపించిన గుడ్లను 24తో గుణిస్తే గ్రాముకు ఎన్నో వస్తుంది. కిట్టు చవకే. కానీ కొంకిపురుగు గుడ్లు గ్లిజరిన్‌లో కరిగినట్టు మాయమైపోతాయి, 30 నుంచి 60 నిమిషాల్లోపే చూసేయాలి. కాబట్టి మైక్రోస్కోపు, దాన్ని చదివే టెక్నీషియన్ ఊరి దగ్గరే ఉండాలి. జిల్లా కేంద్రం ల్యాబు సరిపోదు. ఆ జీతం లైను లేకపోతే పద్ధతులు రాసిన పేజీ అబద్ధమాడుతున్నట్టే.

మొదట చెప్పిన బోదకాలికి మరో దారి ఉంది. యాంటిజెన్ స్ట్రిప్‌కు 75 మైక్రోలీటర్ల వేలి రక్తం చాలు, పగలైనా పర్వాలేదు. సరిగ్గా 10 నిమిషాలకు చదవాలి, ఆలస్యమైతే లేని గీత వచ్చినట్టు కనిపించవచ్చు. రాత్రి ఖర్చు తప్పుతుంది. కాకపోతే అది చూపేది పెద్ద పురుగు ఉనికిని. మైక్రోఫైలేరియాలు పోయాక కూడా పాజిటివ్‌గా ఉండొచ్చు. ఇప్పుడు ఎవరి రక్తంలో మైక్రోఫైలేరియాలు ఉన్నాయన్నదే మీ ప్రశ్న అయితే రాత్రి బండి తప్పదు.

సిఫారసు లేఖల గురించి ఒక్క మాట: గైడ్ లేఖలో మీ తెలివిని పొగిడిన వాక్యాల కన్నా, "సర్వే ఖర్చు నా ఫలానా గ్రాంటు భరిస్తుంది, ఆ గ్రాంటు ఫలానా ఏడాది దాకా ఉంది" అన్న ఒక్క వాక్యం ఎక్కువ పనిచేస్తుంది. పంపే ముందు ఆ ఏడాదిని మీ కాలరేఖ మీద గీసి చూడండి.