ఉలి పెట్టే ముందు నీళ్లు పోయండి

శ్రోతలకు నమస్కారం.

మన హైదరాబాదులో ఎటు చూసినా బండలే. మౌలాలి గుట్ట బండే, గోల్కొండ కోట కూర్చున్నదీ బండ మీదే. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు ఇది. ఇన్ని బండల మధ్య పెరిగి కూడా, రాయంటే రాయే కదా అనుకునేదాన్ని నేను.

శిల్పం నేర్చుకుంటున్న రోజుల్లో జానెడు నల్లరాయిలో వినాయకుణ్ణి మొదలుపెట్టాను. ఇరవై రోజుల పని. చెవులు వచ్చాయి, బొజ్జ వచ్చింది. తొండం దగ్గర చిన్న దెబ్బ వేశానో లేదో, తొండం ఊడి ఒళ్లో పడింది. ఏడుపొచ్చింది. నాకు పని నేర్పే తాత ఆ ముక్కను వెలుగులో తిప్పి చూపించాడు. విరిగిన చోట సగం మేర తుప్పు రంగు మరక. "ఇది నువ్వు పలగ్గొట్టింది గాదు బిడ్డా, ఎప్పటిదో పగులు. నీళ్లు పోసి చూసినవా?" అన్నాడు.

నేను చూడలేదు.

రాతిని బాగా తడిపి నీడలో ఆరనివ్వాలి. పైభాగం ఆరిపోతుంది, పగులు మాత్రం ఆరదు. వెంట్రుకంత నల్లగీత మిగులుతుంది. తర్వాత రాతిని రెండు కర్రముక్కల మీద పెట్టి సుత్తితో మెల్లగా తట్టి వినాలి. అవును, వినాలి. మంచి రాయి ఖంగుమంటుంది. పగులున్న రాయి గొంతు బొంగురుపోయినట్టు పలుకుతుంది. గంటలా మోగేది పుంశిల, అంటే మగరాయి, తాళాల్లా మోగేది స్త్రీశిల, మోగనిది నపుంసకశిల అని శిల్పశాస్త్రాలు చెప్పిందీ ఈ చెవితోనే.

ఏ రాయి దేనికన్నది పెద్ద కథ. రామప్ప గుడి ఒక్కటి చూడండి. 1213 నాటి ఆ గుడికి గోడలు ఇసుకరాతివి, స్త్రీమూర్తులైన మదనికలు మాత్రం డోలరైటు అనే నల్లరాతివి. రేణువు సన్నం కాబట్టే ఆ నగల నగిషీ ఇప్పటికీ చెదరలేదు. గ్రానైటు అలా కాదు. ఉలిని దాదాపు నిటారుగా పట్టి పొడి పొడిగా రాల్చాలి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు, ముక్కుకు మాస్కు తప్పదు. కొత్తవాళ్లు బలపపు రాయితో మొదలుపెట్టడమే నయమని నా అభిప్రాయం. ఉలి ఏటవాలుగా సాగుతుంది, చేతికి ధైర్యం వస్తుంది.

అయితే బలపపు రాయికీ నీళ్లు పోయాల్సిందే. గీత తేలితే సుద్దతో గుర్తుపెట్టుకోండి. అది చెక్కి పారేసే భాగంలోకి పోయేలా బొమ్మను తిప్పి గీసుకోండి. గీత ఈ పక్క నుంచి ఆ పక్కకు సాగితే ఆ రాయిని వదిలేయండి. ఇంకొకటి తెచ్చుకుని, దానికీ నీళ్లు పోయండి.

నమస్కారం.